నా హాజరు వేసిన అమ్మాయి

కరోనా వచ్చి అనంతపురంలో మా యూనివర్సిటీ హాస్టల్ మూసేసినప్పుడు నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. పదిహేను రోజుల్లో తిరిగి వెళ్తామనుకుని రెండు జతల బట్టలతో హిందూపురం వచ్చేశాను. మా నాయనది పరుపులు కుట్టే అంగడి. ముందు గదిలో అంగడి, వెనక మా కాపురం. అంగడి మూతపడ్డాక దూది మూటలన్నీ నేను పడుకునే గదిలోకి వచ్చాయి.

మొదట్లో ఫోన్లో క్లాసులు శ్రద్ధగానే విన్నాను. రెండు మూడు నెలలకు ఏదో మారింది. ఏ రోజున మారిందో చెప్పలేను. పాఠం వినిపించేది, బుర్రకెక్కేది కాదు. తల దువ్వుకోవడం కూడా చేతకాని పని అయింది. అన్నం రెండు ముద్దలకే చాలనిపించేది. ఒక రోజు క్లాసు తెరవలేదు. మరుసటి రోజూ తెరవలేదు. ఆ తర్వాత తెరవాలంటేనే భయం పట్టుకుంది.

"చదువుకునే పిల్లవి, పగలంతా పండుకుంటే ఎట్లమ్మా?" అని అమ్మ విసుక్కునేది. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఏడుపైనా వచ్చేది కాదు.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది ధర్మవరం, మగ్గం నేసే ఇల్లు. ఆమె రోజూ ఫోన్ చేసేది, నేను ఎత్తేదాన్ని కాదు. ఒకరోజు మెసేజ్ పెట్టింది: "నీ క్లాసు పాస్‌వర్డ్ పంపు. మాట్లాడొద్దులే." పంపాను. ఎందుకని కూడా అడగలేదు.

లాక్‌డౌన్ సడలించాక పెనుకొండలో ఒక పెళ్లివారింటికి పరుపులు చేర్చాల్సి వచ్చింది. "నువ్వూ రా పాపా, పట్టుకునేకి ఇంగో మనిషి కావల్ల" అన్నాడు నాయన. లగేజీ ఆటోలో తాళ్లతో బిగించి కట్టిన పరుపులకు మనిషి ఎందుకో నాకు అర్థం కాలేదు. వాదించే ఓపిక లేక ఎక్కాను. పెనుకొండకు వస్తున్నానని ధర్మవరం అమ్మాయికి ఎందుకో మెసేజ్ పెట్టాను. వాళ్ల అన్న బండి వెనక కూర్చుని ఆమె పెనుకొండకు వచ్చేసింది.

కొండ కింద పాత కోట గోడ నీడన కూర్చున్నాం. ఆమె మాస్కు తీసింది. చెంపలు లోపలికి పోయాయి.

"నీకు నూటికి తొంభై అటెండెన్స్ ఉండాది, తెలుసా?" అంది.

"నాకా? నేను ఒక్క క్లాసూ వినల్యా కదమే."

"నా ఫోన్లో నాది, మా అన్న ఫోన్లో నీది. రెండూ నేనే ఏస్తాండా."

"నా కోసం ఎంత కష్టపడినావే" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "కష్టం గాదు. నాకు పొద్దున లేయబుద్ధి కాదు. కొన్నాళ్లు బతకబుద్ధే కాలేదు. నాదొక్కటే అయింటే ఎప్పుడో ఇడిసిపెడ్తాంటి. నీది పోతుందని తొమ్మిదికంతా లేస్తాంటి."

అన్ని నెలలూ ఆమె బాగుందనే అనుకున్నాను. ఆమె చేసిన ఫోన్లన్నీ నా కోసమే అనుకున్నాను. దూరంగా కూర్చోవాలన్న సంగతి మరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది, ఇద్దరికీ.

పరుపులు దింపి వచ్చిన నాయన మమ్మల్ని చూసి కాసేపు దూరంగా నిలబడ్డాడు. తర్వాత వెళ్లి టీలు తెచ్చిచ్చాడు. తిరుగు దారిలో ఆయనకు అంతా చెప్పాను.

"ముందే ఎందుకు చెప్పల్యా పాపా?"

"తిడతావని."

"తిట్టేవాన్నేమో. నిన్ను చూస్తాంటే నాకూ ఏమీ తోస్తాండల్యా" అని, "ఇప్పుడు చెప్పినావు గదా. డాక్టరుకాడికి పోదాం" అన్నాడు.

ఆ వారమే హిందూపురంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన నిద్ర గురించి, ఆకలి గురించి అడిగాడు. చావాలనిపించిందా అని సూటిగా అడిగాడు. ఇది జబ్బేగాని సోమరితనం కాదని అమ్మకు విడమరిచి చెప్పాడు. అమ్మ ఆ సాయంత్రమే ధర్మవరానికి ఫోన్ చేసింది.

"మా పిల్లకేమన్నా పిచ్చా?" అని అవతల వాళ్లమ్మ కోప్పడింది.

"మా పాపకూ అదేనక్కా. పిచ్చి కాదంట. మాత్రలతో తగ్గుతుందంట" అంది అమ్మ. వాళ్లమ్మ ఫోన్ పెట్టేసినా అమ్మ మళ్లీ చేసింది. నాలుగో ఐదో ఫోనుకు వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్ల అన్నే ఆమెను అదే డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాడు.

వెంటనే బాగైపోలేదు. కొన్ని వారాలు తేలిగ్గా ఉండేది, మళ్లీ మంచం పట్టేదాన్ని. హాజరున్నంత మాత్రాన మార్కులు రావు కాబట్టి నాకు రెండు పేపర్లు పోయాయి, ఆమెకు ఒకటి. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. మళ్లీ రాసి పాసయ్యాం.

హాస్టల్ తెరిచిన రోజు నేను హిందూపురంలో రైలెక్కాను. ధర్మవరంలో ఆమె ఎక్కింది. బాగా ఒళ్లు చేసింది.

"చూడే, ఒక్క చుడీదారూ పట్టల్యా" అని విసుక్కుంటూ నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. వాళ్లమ్మ కట్టిచ్చిన డబ్బా మూత తీసింది. లోపల బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. అనంతపురం వచ్చేలోగా చెరి మూడు తిన్నాం.