నాట్లు ఆగకూడదని మింగించిన మాత్ర

ఆ రోజు విడవలూరు దగ్గర చేలో నాట్లు వేస్తూ, వంగినదాన్ని లేవలేకపోయాను. నడుము నొప్పి మాకు కొత్త కాదు. ఎండలో నిలబడి చలికి వణకడం మాత్రం కొత్త. జ్వరమని నాకు అప్పుడే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

నేను పన్నెండు మంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకు మేస్త్రిని. రైతుతో మాట్లాడేది, పొద్దున్నే అందరినీ ఆటో ఎక్కించేది నేనే. ఆ వారమే మా మండలంలో కొత్త రకం ఫ్లూ జ్వరాలు మొదలయ్యాయని గ్రామ సచివాలయం గోడకు కాగితం అంటించారు. జ్వరముంటే ఐదు రోజులు ఇంట్లో ఉండాలి, కలిసి పనిచేసినవాళ్ళ పేర్లు చెప్పాలి అని రాసుంది. ముఠాలో పదో తరగతి చదివింది నేనొక్కదాన్నే. దాన్ని అందరికీ చదివి వినిపించిందీ నేనే. చదివి, "మనం ఇంట్లో కూచుంటే నారు ముదిరిపోతాది. రైతు ఇంకో ముఠాను పిలుచుకుంటాడు" అని నవ్వేశాను.

మూడో రోజుకు నా పక్కనే నాటే రమణమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఆమెకు చిన్నప్పటి నుంచి ఆయాసం. మేమిద్దరం ఒకే చెంబుతో నీళ్ళు తాగేవాళ్ళం. మర్నాడు ఆటో దగ్గరికి ఏఎన్ఎం, మా ఊరి ఆశా కార్యకర్త వచ్చి జ్వరం చూస్తారని ముందే తెలిసింది. గంట ముందు నేనొక జ్వరం మాత్ర మింగి, ఇంకొకటి తీసుకుని రమణమ్మ ఇంటికి వెళ్ళాను.

"అక్కా, రొమ్ము పట్టేసినట్టుండాది. ఈ పూట నేను రాలేను" అంది.

"నువ్వు రాకపోతే ఎందుకని అడగతారు. అందరినీ ఆపేస్తారు. మింగు, దిగిపోతాది" అన్నాను. మింగింది.

ఏఎన్ఎం నుదుటి దగ్గర మిషన్ పెట్టి చూసి "నార్మలే" అంది. ఆశా కార్యకర్త మాత్రం నా మొహంలోకి చూసింది. "నిజంగా అందరూ బాగుండారా అక్కా?" అని అడిగింది. "మాకేంది, రాళ్ళలాగుండాం" అన్నాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

రెండు రోజులకు రమణమ్మ గట్టు మీద కూలబడింది. 108లో ఆమెతో పాటు నేనూ ఎక్కాను. అప్పటికి నాకూ ఊపిరి సరిగా ఆడటం లేదు. ఆసుపత్రిలో ఇద్దరికీ స్వాబ్ తీశారు. ఇన్‌ఫ్లూయెంజా పాజిటివ్. "ఎన్ని రోజుల నుంచి జ్వరం?" అని డాక్టరు గారు అడిగితే "నిన్నటి నుంచే" అన్నాను. రమణమ్మ నా వైపు చూసి తనూ తలూపింది. మీతో ఉన్నవాళ్ళలో ఇంకెవరికైనా ఉందా అంటే లేదన్నాను. అక్కడ కూడా నా మేస్త్రితనం పోలేదు.

ఆసుపత్రిలో చేరిన నాలుగు రోజుల్లో నాకు జ్వరం దిగింది. రమణమ్మకు న్యుమోనియా అన్నారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే ఐసీయూకి మార్చారు. ఆమె కూతురు తలుపు బయట కూర్చుని, "పెద్దమ్మా, ఒక్కరోజు జ్వరానికే ఇట్టయిపోతారా మనుషులు?" అని నన్నే అడిగింది. ఇక కూర్చోలేకపోయాను. వెళ్ళి డాక్టరు గారికి ఉన్నదంతా చెప్పాను.

కేకలేస్తారనుకున్నాను. "ముందు మీతో పనిచేసినవాళ్ళ పేర్లు చెప్పండి" అన్నారు. సాయంత్రానికల్లా పీహెచ్‌సీ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. ముఠాలో ఇంకా నలుగురికి ఉంది. ఆ పూటే మందు అందింది కాబట్టి వాళ్ళు ఇంట్లోనే కోలుకున్నారు. "ఈ మందు మొదటి రెండు రోజుల్లో పడితే బాగా పనిచేస్తుందమ్మా" అని మాత్రం డాక్టరు గారు అన్నారు. ఆ రెండు రోజులూ రమణమ్మ నా పక్కన వంగి నాట్లు వేసింది.

ఇప్పుడు నేను మళ్ళీ పనికి వెళుతున్నాను. రమణమ్మ బతికింది కానీ నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. చేలోకి దిగలేదు. ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి, చేతులు పట్టుకుని, తప్పు నాదేనని చెప్పాను.

"ఆ మాత్ర ఎందుకిచ్చినావో నాకు తెలీదా అక్కా? మింగనంటే రేపటి నుంచి ఆటో ఎక్కనియ్యవని భయపడినా" అంది.

తిట్టినా బాగుండేది. నేను రైతుకు భయపడుతున్నాననే అనుకున్నాను. నాకు భయపడేవాళ్ళు ఉన్నారని అప్పటిదాకా తెలియలేదు.

ముఠాను నడిపేవాళ్ళకు ఒక్క మాట. జ్వరం చూడటానికి వచ్చినప్పుడు దాచడానికి మాత్ర మింగకండి. ముందే వేసుకుని ఉంటే ఆ సంగతీ, జ్వరం మొదలైన రోజూ చెప్పండి. అందరికంటే ముందు మీ జ్వరం చెప్పండి. మీరు చెబితేనే మీ వెనకున్నవాళ్ళు నోరు విప్పగలరు.