ఉప్పు మడుల్లో హాజరు

టెక్కలిలో ఒక ఆడిటర్ దగ్గర నేను గుమస్తాగా ఉన్న రోజులవి. నౌపడలో తమ పిల్లల కోసం బాలవాడి నడిపే ఉప్పు కూలీల సంఘానికి లెక్కలు, నివేదికలు నేనే రాసిపెట్టేవాణ్ణి.

ఒకసారి తనిఖీకొచ్చిన అధికారి, "సభ్యులంతా కాగితం మీదే ఉన్నట్టున్నారు. సంఘం రిజిస్ట్రేషన్ రద్దు చేస్తాను," అన్నాడు. ఆ రోజు వాన మబ్బు కమ్మడంతో సభ్యులు ఉప్పును గట్టుకు చేరుస్తున్నారు. ఆయన్ని మడుల దగ్గరికే తీసుకెళ్లాను.

అధ్యక్షురాలు నీలమ్మ సంగతి విని, "పని ఆపితే ఉప్పు కరిగిపోతాది బాబూ. పేర్లు సదవండి, పలుకుతారు," అంది.

ఆయన చదువుతుంటే ఒక్కో మడి నుంచి "నానున్నాను!" అని కేకలొచ్చాయి. చివరి పేరుకి ఎవరూ పలకలేదు. అధికారి నా వైపు తిరిగాడు.

"అది బాలవాడిలో మా పిల్లల్ని సూత్తంది," అంది నీలమ్మ.

అధికారి గట్టు మీదే తనిఖీ కాగితాల్లో సంతకం పెట్టాడు. తర్వాత ఎన్నో సంఘాల సమావేశాలకు వెళ్లాను. సభ్యులంతా పని ఆపకుండానే హాజరు వేయించుకున్న సంఘం మాత్రం అదొక్కటే.