తాళం తిప్పగానే వెలగాల్సిన దీపం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా తమ్ముడికి ఆ పాటి దయ కూడా దక్కలేదు. బతికున్నన్నాళ్ళూ నిజం చెప్పి తిట్లు తిన్నాడు. పోయాక, తను చేయని మోసానికి తింటున్నాడు.

మా ఆయనకు కార్ల షెడ్డు ఉంది. బండ్లు బాగుచేయడంతో పాటు పాతవి కొని అమ్ముతారు. మా ఇల్లు షెడ్డుకు వెనకే. వంటింటి కిటికీ తీస్తే అక్కడి మాటలన్నీ వినపడతాయి. తమ్ముడు పద్దెనిమిదేళ్ళు ఆ షెడ్డులోనే పనిచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. షెడ్డు మీది గదిలో పడుకునేవాడు, తినడానికి నా దగ్గరికి వచ్చేవాడు.

అందరూ వాణ్ణి దీపాలోడు అనేవారు. కారులో స్టీరింగు వెనక, ఇంజను బొమ్మతో పసుపు దీపం ఒకటుంటుంది. ఇంజనులో ఏదో తేడా చేసిందని చెప్పే దీపం. అది వెలిగిన బండి ఏదైనా వాడి చేతికే వచ్చేది.

"నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతూ కొట్టుకుంటోందా?" అన్నది వాడి మొదటి ప్రశ్న. నిలకడగా ఉంటే మెల్లగా నడుపుకుంటూ రావచ్చట. కొట్టుకుంటుంటే మాత్రం ఎక్కడున్న బండిని అక్కడే ఆపేయాలి, లేకపోతే కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి దాన్ని మాడ్చేస్తుందట. ఆ తర్వాత "పెట్రోలు ఎప్పుడు కొట్టించారు?" అని అడిగి, వెనక్కి వెళ్ళి ట్యాంకు మూత చూసేవాడు. కొన్ని బండ్లకు జబ్బు ఆ మూత సరిగా బిగించకపోవడమే. మూత బిగించి, రెండు రోజులు తిప్పితే దీపం అదే ఆరిపోతుందని చెప్పి పంపేవాడు. జనానికి అది నచ్చేది కాదు. పెద్ద జబ్బు పేరు చెప్పని వైద్యుడి మీద ఎవరికి గురి కుదురుతుంది?

మూత కాకపోతే స్కానరు తగిలించేవాడు. చేతిలో పట్టేంత డబ్బా, జబ్బుకో నంబరు చూపిస్తుంది. మిగతావాళ్ళు ఆ నంబరు ఏ సామాను పేరు చెబితే ఆ సామాను మార్చేసేవారు. వీడు మార్చేవాడు కాదు. "అక్కా, ఇది ఏ గదిలో గొడవో చెబుతుంది గానీ, ఎవరు మొదలుపెట్టారో చెప్పదు" అనేవాడు. ఒక కారుకి పొగగొట్టంలోని సెన్సరు వేరేచోట మూడుసార్లు మార్చారు. దీపం మళ్ళీ మళ్ళీ వెలిగింది. వీడు ఇంజను ఆన్ చేసి, గాలి గొట్టం పొడుగునా వేలితో తడుముకుంటూ పోయాడు. క్లిప్పు కింద గోరంత పగులు, అందులోంచి దొంగగాలి దూరుతోంది. "పాపం సెన్సరు చేసిన తప్పల్లా నిజం చెప్పడమే" అని నవ్వాడు.

నాకు కారు నడపడం రాదు. కానీ ఒకరోజు టీ తీసుకెళ్తే వాడు నన్ను సీట్లో కూర్చోబెట్టాడు.

"తాళం తిప్పు. స్టార్ట్ చేయకు. ఎన్ని దీపాలు వెలిగాయో లెక్కపెట్టు."

"నీకు వేరే పని లేదురా?"

"లెక్కపెట్టక్కా. ముందు అన్నీ వెలగాలి. స్టార్ట్ చేశాక ఆరాలి. వెలిగి ఆరిన దీపాన్ని నమ్ము. మొదటే వెలగలేదంటే, ఎవరో దాని నోరు నొక్కేశారని అర్థం."

వాడికీ మా ఆయనకూ పడనిది ఇక్కడే. స్కానరుతో ఆ నంబరు చెరిపేస్తే దీపం ఆరిపోతుంది. జబ్బు పోదు కాబట్టి నాలుగు రోజుల్లో మళ్ళీ వెలుగుతుంది. ఈలోగా బండి చేతులు మారిపోతుంది.

"చెరిపెయ్యరా బావమరిదీ. కొన్నవాడి ఇంటికి చేరేదాకా ఆరి ఉంటే చాలు."

"చెరిపితే జబ్బు పోదు బావా, జ్ఞాపకం పోతుంది."

"జ్ఞాపకాలకా నీకు జీతమిచ్చేది?"

"అక్క మొహం చూసి ఊరుకుంటున్నా."

"ఇది ఊరుకోవడమా! ఊరుకోనప్పుడు ఎలా ఉంటావో నాయనా!"

షెడ్డంతా నవ్వేది. వాడూ నవ్వేవాడు. కానీ చెరిపేవాడు కాదు. ఎవరైనా చెరిపితే, కొనడానికి వచ్చినవాళ్ళకు చెప్పేసేవాడు. అందుకే వాడు మంచిదన్న బండికి ఎవరూ బేరం ఆడేవారు కాదు.

వాడికీ ఒక చిన్న బూడిదరంగు కారు ఉండేది. పోయిన ఏడాది దానికి దీపం వెలిగింది. మూడో సిలిండరు సరిగా మండటం లేదు. నిప్పు రాజేసే కాయిల్ని మూడో దాని నుంచి ఒకటోదానికి మార్చి చూశాడు. జబ్బు కాయిల్‌ది అయితే దానితో పాటే ఒకటోదానికి పోవాలి. పోలేదు. ప్లగ్గూ మార్చి చూశాడు. కాదు. చివరికి లోపల వాల్వు సరిగా మూసుకోవడం లేదని తేల్చాడు. ఇంజను మీద మూతలా ఉండే హెడ్ దించితే గానీ బాగుపడదు. తీరిక దొరికినప్పుడు చేద్దామని కారును మూలన పెట్టాడు.

తీరిక దొరకలేదు. కామెర్లు ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. పదకొండు రోజులు. తొమ్మిదో రోజు నా చెయ్యి పట్టుకుని, "హెడ్ దించేదాకా నా బండి ఎవరికీ ఇవ్వొద్దని బావకి చెప్పక్కా. నాదంటే చూసుకోకుండా కొనేస్తారు" అన్నాడు. ఆ రాత్రి వడ్డిస్తూ చెప్పాను. మా ఆయన "ఊఁ" అన్నారు. రెండోసారి చెప్పలేదు. అది నా తప్పు.

వాడు పోయి నెలన్నర అయింది. ఒక మధ్యాహ్నం మా ఆయన షెడ్డులోంచి కేకేశారు. "ఏమే, పాప గోళ్ళరంగు ఉంటే పట్రా. ముదురుది చూడు." మా పాప అంతకు వారం ముందే కొనుక్కుంది, వంకాయరంగు సీసా. తీసుకెళ్ళి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా అడగడం లేదు, అదొక అలవాటైపోయింది.

మర్నాడు టైలరు వచ్చాడు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి, తమ్ముణ్ణి ఎరిగినవాడు. బూడిదరంగు కారు నడిపి చూసి, "కాస్త వణుకుతోందే" అన్నాడు.

"పాతబండి కదా. మావాడి సొంత బండి అది" అన్నారు మా ఆయన.

"ఆయన బండా! అయితే ఇంకేం చూడక్కర్లేదు."

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. తమ్ముడి మాట చెప్పకుండానే కిటికీ రెక్క మూశాను.

మూడు వారాలకు ఆ కారుని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు. వంతెన మీద ఆగిపోయిందట. టైలరు వాళ్ళమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు అందులోనే కూర్చుంది. పొగగొట్టం మాడిపోయింది. దీపం ఎన్నాళ్ళుగా కొట్టుకుంటోందో, కనపడితే కదా. తాళం తిప్పితే అది వెలగడం లేదని అనుమానం వచ్చి, దారిలో ఒక మెకానిక్ స్టీరింగు వెనకున్న మీటరు డబ్బా విప్పాడట. ఇంజను బొమ్మ మీద లోపలినుంచి రంగు పూసి ఉంది.

"మీ బావమరిది ఇంత పని చేస్తాడనుకోలేదండీ" అన్నాడు టైలరు.

మా ఆయన ఏమంటారా అని చెవులు రిక్కించాను. "పోయినవాణ్ణి ఏమంటాం చెప్పు. దీపాల పనంతా వాడిదే. నాకేం తెలుసు?" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి పాప సీసా తెచ్చి, ఆ మీటరు డబ్బా పక్కన పెట్టాను.

"రంగు పోల్చి చూడండి" అన్నాను టైలరుతో.

"ఇంట్లో తిరిగినవాడేగా, తీసుకుని ఉంటాడు" అన్నారు మా ఆయన.

"ఈ సీసా కొన్నది వాడు పోయిన నలభై రోజులకి. మీ చేతికి ఇచ్చింది నేను. హెడ్ దించేదాకా అమ్మొద్దని వాడు చెప్పి పంపింది కూడా మీకే."

మా ఆయన పక్కనున్న పానా తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. టైలరు నన్నూ, ఆయన్నీ చూశాడు. తమ్ముడి గురించి ఒక్క మంచి మాట అంటాడేమోనని నేను ఆశపడ్డాను.

"మీ ఇంటి గొడవ నాకెందుకమ్మా? బండి ఎప్పుడు బాగుచేసిస్తారో చెప్పండి" అన్నాడు.

టైలరుదీ తప్పు కాదు. వాళ్ళమ్మ ఇంకా నీరసంగానే ఉందట. కానీ అప్పటికే ఆయన నలుగురికీ చెప్పేశాడు. ఇప్పుడు దుకాణాల దగ్గర అదే మాట: నీతులు చెప్పిన దీపాలోడు తన బండే ఒకడికి అంటగట్టి పోయాడని. మోసగాడు మోసం చేశాడంటే ఎవరూ వినరు, నిజాయితీపరుడు చేశాడంటే కుర్చీ దగ్గరికి జరుపుకుని వింటారు. సీసా సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

హెడ్ చివరికి దించారు. వాడు చెప్పిన వాల్వే. మీటరు డబ్బా మీది రంగు మాత్రం నేనే తుడుస్తానన్నాను. పాప దగ్గర రంగు తుడిచే మందు తీసుకుని, దూదితో కొంచెం కొంచెంగా పొద్దంతా తుడిచాను. పనివాళ్ళు బిగించాక, సాయంత్రం ఎక్కి కూర్చుని తాళం తిప్పాను. స్టార్ట్ చేయలేదు. దీపాలు లెక్కపెట్టాను. ఇంజను బొమ్మ కూడా వెలిగింది, కాస్త మసకగా.

గుమ్మం దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. "ఎంతసేపే? బ్యాటరీ దిగిపోతుంది. ఆపు."

"దిగనివ్వండి" అన్నాను.