పసుపంటిన కుర్చీ

మా దవాఖాన పెద్ద సిస్టర్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు అమ్మ గోలీలు వేసుకుంటోంది. విషయం చెప్పగానే "ఇగ నా గోలీల సంగతి ఎవర్ని అడగాలె బిడ్డా?" అంది. అడిగింది నర్సునైన నన్నే. పోయిన మనిషి కోసం ఏడవాల్సింది పోయి, కుళ్లుకున్నాను.

ఆ కుళ్లు కొత్తదేం కాదు. ఆర్మూర్ దవాఖానలో షుగర్, బీపీ వాళ్లకు మందుల గురించి చెప్పే గదిలో ఆవిడ బల్లా నా బల్లా పక్కపక్కనే ఉండేవి. రోగికి ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక ఫారం ఉండేది. "అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఆఁ, సమజైంది" అనేవారు. టిక్కు పెట్టేసేదాన్ని.

ఆవిడ ఆ మాటే అడిగేవారు కాదు. మార్కెట్ యార్డు నుంచి ఒళ్లంతా పసుపుతో వచ్చిన హమాలీనైనా సరే, తన కుర్చీలో కూర్చోబెట్టి తాను స్టూలు మీద కూర్చునేవారు. "ఇగ నువ్వు సిస్టర్‌వి, నేను పేషెంటుని. గీ గోలీ ఎప్పుడెయ్యాలె, చెప్పు" అనేవారు. తప్పు చెబితే "నేనే సక్కగ చెప్పలే" అని మళ్లీ మొదలుపెట్టేవారు.

నా బల్ల ఖాళీగా ఉన్నా జనం అక్కడే నిలబడేవారు. ఒళ్లు మండి ఒకసారి, "మేడం, గా కుర్చీ జర కడిగించుండ్రి, గలీజున్నది" అన్నాను. ఆవిడ నవ్వి, "నీది మస్తు సాఫున్నది బిడ్డా" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

తర్వాత ఒకనాడు ఆ కుర్చీలో మా అమ్మ కనిపించింది. ఆ నెలలో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది, ఎందుకో నాకు అంతు పట్టలేదు. తినే ముందు షుగర్ గోలీ వేసుకొమ్మని నేనే చెప్పాను. అమ్మ పొద్దున్నే వేసుకునేది, పసుపు కొమ్ములు ఏరే పనికి పోయి మధ్యాహ్నానికి గానీ తినేది కాదు. అమ్మ నోటితోనే చెప్పించి ఆవిడ ఆ సంగతి పది నిమిషాల్లో పట్టేశారు.

ఆటోలో అమ్మను అడిగాను, "నన్నెందుకు అడగలే?" అని.

"నర్సు తల్లినై తెల్వదంటే నీ ఇజ్జత్ పోదా? ఆమెకాడ తెల్వదన్నా ఏం గాదు."

మా అమ్మను కాపాడినందుకు ఆవిడకు నేను కృతజ్ఞత కూడా చెప్పలేదు. వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ కుర్చీ నాది. మొన్న అమ్మను అందులో కూర్చోబెట్టి నేను స్టూలు మీద కూర్చున్నాను. "నువ్వు సిస్టర్‌వి, చెప్పమ్మా" అన్నాను.

అమ్మ గోలీల పట్టీని అటూ ఇటూ తిప్పింది. "అంత సమజైంది బిడ్డా" అంది.

నేను లేవలేదు. అమ్మ నా వైపు చూడకుండా, కుర్చీ చేతి మీది పసుపు మరకను వేలితో మెల్లగా రాస్తూ కూర్చుంది.