దీపావళి నాడు వీపు తెరిచిన కెమెరా

లక్ష్మీదేవిని ఇంట్లోకి పిలవబోయి, మొయినాబాద్‌లో ఒక కుటుంబం మొత్తాన్ని మాయం చేసిన ఘనుణ్ణి నేను. అలా చూడకండి, చెబుతాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. చేవెళ్లలో మాకు కిరాణా దుకాణం. హైదరాబాదులో సామాన్లు అమ్ముకుని సీమకు వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర నేనొక మడత కెమెరా కొన్నాను. దాని అందం ఏమని చెప్పను! మూస్తే కోటు జేబులో పట్టేది. పక్కనున్న మీట నొక్కితే ముందు తలుపు వాలేది. అద్దం పట్టుకుని లాగితే, హార్మోనియం తిత్తిలాగా నల్లటి తోలు మడతలు విప్పుకుంటూ పట్టాల మీద జారి వచ్చి టక్కున నిలబడేది. మనిషి ఎంత దూరాన ఉంటే ఎంత జరపాలో అడుగుల లెక్క అక్కడే చెక్కి ఉంది. పైన గోరంత అద్దం. అందులో బొమ్మ చూడాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే. వీపున చిన్న ఎర్రకిటికీ, చెవి తిప్పితే ఫిలిం అంకె అందులోకి నెమ్మదిగా తేలివచ్చేది. బల్ల మీద నిలబడడానికి తలుపుకే ఒక బుల్లి కాలు కూడానూ! ఇంత సంసారాన్ని ఇంత ఒద్దికగా మడిచినవాడెవడో, వాడికి ఇప్పటికీ దండం పెడతాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కెమెరావాడికి పొద్దు తప్ప ఇంకేమీ పట్టదు.

సరిగ్గా అప్పుడే మొయినాబాద్ నుంచి నాకు సంబంధం వచ్చింది. పిల్ల పేరు అనసూయ. అవుననాల్సింది ఆమె తాత రాజలింగం సేటు. ఆయన కబురు పంపాడు: "పిలగాని దగ్గర ఫొటోడబ్బ ఉన్నదట గద. మా ఇంటోళ్లందరిని దింపుమనుండ్రి. పనిమంతుడైతే తర్వాత మాట."

వెళ్లాను. నగలన్నీ పెట్టుకుని ఇంటిల్లిపాదీ వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. "ఎవ్వరు కదలొద్దు! కదిలితే మనిషి పొగలెక్క పడ్తడు!" అని గద్దించాను. ఆ తర్వాత "జర సరిచూస్త" అంటూ కెమెరాను స్టూలు మీద నిలబెట్టి, వసారా నీడలో స్తంభం పక్కనున్న అనసూయ వైపు తిప్పి, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు మీట కాసేపు నొక్కిపట్టాను. తాత, కొడుకులు, కోడళ్లు, మనవలు అందరూ దాని తర్వాతే. ఆఖరు ఫొటో ఒక్కటి మిగిలితే దీపావళికి దాచాను. ఆ రోజుల్లో ఫిలిం దొరకడమే గగనం. పైగా ఆ చుట్టలో నా పెళ్లి ఉంది.

దీపావళి వచ్చింది. లక్ష్మీపూజ వేళ మా ఇంట్లో పెట్టెలన్నీ మూతలు తీసి ఉంచాలి. మూసిన పెట్టెలోకి ఆ తల్లి రాదట. కెమెరా ముందు తలుపు తీసి గల్లాపెట్టె పక్కన పెట్టాను. బాపు వంగి చూశాడు.

"ఎనక గూడ మూత ఉన్నది గదర?"

"ఉన్నది బాపు. అది వెలుతుర్ల తియ్యొద్దని దొర చెప్పిండు."

"దొరకు లక్ష్మిపూజ ఎర్కేనా?"

ఇల్లంతా నవ్వింది. నాకూ నిజమే అనిపించింది. దొర చెప్పింది ఎండ సంగతి, పాపం నూనెదీపం ఏం చేస్తుంది? ఇదండీ నా తెలివి! వీపు తెరిచాను. ఫిలిం చుట్ట గూట్లోంచి ఎగిరిపడి, దీపాల మధ్య బారెడు పరుచుకుంది.

"తల్లి ఒచ్చింది!" అని అమ్మ దండం పెట్టింది. నేనూ పెట్టాను! పూజయ్యాక పసుపు కుంకుమలతో సహా మళ్లీ చుట్టి లోపల పెట్టాను.

పట్నంలో ఫిలిం కడిగే ఆయన తల పట్టుకున్నాడు. "సబ్ ఖలాస్, సేఠ్! అన్ని మాడిపొయినయి. చుట్టల అన్నిటికన్న లోపటి మడత ఒక్కటే బతికింది," అని ఒకే ఒక ఫొటో చేతిలో పెట్టాడు. అన్నిటికన్నా లోపల ఉండేది మొట్టమొదట తీసిన ఫొటో. అదేమిటో మీకు తెలుసు.

మొయినాబాద్‌లో రాజలింగం తాత చెయ్యి చాచాడు. "ఏవి?"

"లక్ష్మి లోపటికి రావాలని దీపావళికి మూత తెరిచిన తాతా. అన్ని పొయినయి. ఒక్కటి మిగిలింది."

"చూపియ్యి. నాదేనా?"

ఫొటోను బోర్లించి ఆయన చేతిలో పెట్టాను. కోడళ్లు మెడలు చాచి చూశారు.

"ఇంటిల్లిపాది ఎండల మాడితే, నీ డబ్బకు మా పిల్ల ఒక్కతే కనవడ్డదా?"

పెళ్లి గోవిందా అనుకున్నాను. తాత ఫొటోను ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "నీడల నిలవడ్డది. అయినా కనురెప్పలు లెక్కవెట్టచ్చు. ఇంత సాఫ్‌గ ఎట్ల పడ్డది?"

ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిస్తే నాకీ కథ ఉండేది కాదు. "నీడలైతే మీట జరసేపు వట్టుకోవాలె తాతా. అందాక మనిషి కదలకపోతేనే గిట్ల పడ్తది," అని గర్వంగా పాఠం చెప్పాను.

"అట్లనా?" తాత తలుపు వైపు తిరిగాడు. "అనసూయా! అంటే నువ్వు కదల్లేదన్నట్టు!"

తలుపు చాటు నుంచి సన్నటి గొంతు వచ్చింది. "కదలొద్దన్నరు గద తాతా!"

తాత పడీపడీ నవ్వాడు. "లక్ష్మి రావాలని మూత తెరిచినవ్ గద. ఇగో, ఒచ్చింది. తోల్కపో! కని మమ్ముల మళ్ల దింపినంకనే ముహూర్తం."

ఆ ముహూర్తానికి ఫిలిం కోసం పట్నంలో నేను తిరగని గల్లీ లేదు.

కనుక గల్లాపెట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బొందిలో ప్రాణం ఉండగా లక్ష్మీపూజ నాడు కెమెరా వీపు తెరవను, రేడియోది తెరవను, గోడ గడియారానిది కూడా తెరవను. నా ప్రమాణం మీద అనసూయకు నమ్మకం లేదు. ఏటా దీపం ముట్టించే ముందు తానే వచ్చి ఆ మూత నొక్కి చూస్తుంది.

"గట్టిగ వెట్టిండ్రా? ఇంకో లక్ష్మి రావద్దు మల్ల!"