జానెడు తక్కువైన టాపు

ఆ కారు వంద కిలోమీటర్లు కూడా తిరగలేదని ఎమ్మిగనూరు టీకొట్లో అందరికీ చెప్పాను. మీటర్లో నాలుగు వేల పైచిలుకు ఉంది. పాతికేళ్ల నాటి కారుకు నాలుగు వేలంటే ఏమంత లెక్క అనుకుని కాస్త తగ్గించాను. మరీ అంత తగ్గించాల్సింది కాదు.

ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండే సీట్లు, పైన వెనక్కి మడిచే గుడ్డ టాపు. ఆదోనిలో నేను ముప్పై ఏళ్లు యంత్రాలు చూసుకున్న జిన్నింగ్ మిల్లు సేటు వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్నాడు. దాని పొట్ట మరీ కిందికి ఉండేది. స్పీడుబ్రేకరు వచ్చిన ప్రతిసారీ గీసుకునేది. మిల్లు నుంచి ఇంటికి పోయేలోపు ఆయన మూడుసార్లు దిగి, వంగి, కిందికి చూసుకునేవాడు. చివరికి విసుగొచ్చి దూది బేళ్ల షెడ్డులో ఒక మూల పెట్టి, పైన పట్టా కప్పేశాడు. అది తక్కువ తిరగడం వెనక కథ ఇంతే.

రెండేళ్ల కిందట షెడ్డు ఖాళీ చేయిస్తూ నన్ను పిలిపించాడు.

"పెద్దాయనా, పాత ఇనుమోనికి ఏసేదానికి మనసొప్పల్యా. నీ కూతురు మెకానిక్కంట కదా. తీస్కపోండి."

నా కూతురు మోటారు మెకానిక్కే. ఐటీఐ చదివి, కర్నూలులో ఒక వర్క్‌షాపులో ఎనిమిదేళ్లు కార్ల పని చేసి వచ్చి, ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద సొంతంగా షెడ్డు వేసుకుంది. షెడ్డయితే వేసింది గానీ కార్లు రాలేదు. స్కూటర్లు వచ్చేవి, మోపెడ్లు వచ్చేవి. కారున్నవాళ్లు మాత్రం షెడ్డు ముందు నిదానించి, లోపల ఆడమనిషిని చూసి, ముందుకు పోయేవాళ్లు. ఏడాది చూసి, ఇట్లాగే ఉంటే షెడ్డు మూసి మళ్లీ కర్నూలుకే పోతానంది. ఈ కారు సంగతి చెప్పగానే ఆమె మొహం మారింది.

"నాయనా, ఇది ఊర్లో తిరగాల. చేసింది నేనని నలుగురికీ తెలియాల. అప్పుడొస్తాయి కార్లు."

మా ఇంట్లో ముగ్గురం ఆ కారు మీద పడ్డది అందుకే.

సేటు కాగితాలు అమ్మాయి పేరున రాయించాడు. ప్రతి ఆదివారం ఆదోనికి బస్సులో పోయి ఆ షెడ్డులోనే పని చేశాం. ఎలుకలు వైర్లు కొరికేశాయి. ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారింది. బ్రేకులు బిగుసుకుపోయాయి. ఇంజను మొత్తం నేనే విప్పానని మీకు చెప్పాలని ఉంది. విప్పింది ఆమె. నేను నట్లు కిరోసిన్లో కడిగాను. అవి కూడా సరిగా కడగలేదని మళ్లీ కడిగింది. మన రోడ్లకు పనికొచ్చేటట్టు పొట్టను నాలుగు వేళ్లు పైకి లేపింది. ఆ ఆలోచన నాదేనని టీకొట్లో చెప్పాను. అదీ ఆమెదే.

ఇక టాపు. పాత గుడ్డ పట్టుకుంటే చేతిలో పొడి అయింది. నా భార్య ఇంకా మగ్గం వదల్లేదు. మాది నేసే ఇల్లు. నేనే మధ్యలో మిల్లుకు పోయినవాణ్ణి. టాపు గుడ్డ తానే నేస్తానంది. దళసరి నూలు, ముదురు నీలం, అంచుకు తెల్ల చార. వాన నీళ్లు దిగకుండా మైనం రాసి ఇస్త్రీపెట్టెతో కరిగించాలని కూడా ఆమే చెప్పింది. నన్ను ఒక్కటే అడిగింది.

"కొలత తీస్కరాప్పా. అది మాత్రం సరిగా తీస్కరా."

ఆ ఆదివారం టేపు ఇంట్లో మరిచిపోయాను. మూరతో కొలిచాను. ముందు నుంచి వెనక్కి నాలుగు మూరలు. వచ్చి నాలుగు మూరలని చెప్పాను. మా ఇళ్లలో మూర అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఆమె తన మూరతో కొలుచుకుని నేసింది.

గుడ్డ తీసుకుపోయి కారు మీద పరిస్తే వెనక జానెడు తక్కువ వచ్చింది.

నాకు వెంటనే తెలిసిపోయింది, తప్పెక్కడో. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇస్త్రీ చేసినప్పుడు కుంచించుకపోయినట్లుండాది."

ఆ రోజు నా భార్య కూడా వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకుంది.

"నేను నేసిన గుడ్డ కుంచించుకపోయిందా? నలభై ఏండ్లుగా నేస్తాండా. ఒక్కరన్నారా ఆ మాట? ఏమయ్యా, కండ్లలోకి చూసి సెప్పు!"

అమ్మాయి మా ఇద్దరి చేతులూ పట్టుకుని బానెట్ మీద పక్కపక్కన పెట్టింది. సుద్దముక్కతో రెండు గీతలు గీసింది. నా భార్య మూర నా మూర కన్నా మూడు వేళ్లు పొట్టి. నాలుగు మూరలకు మూడేసి వేళ్లు. మొత్తం పన్నెండు, సరిగ్గా జానెడు.

"నాయనా, గుడ్డ కాదు కుంచించుకపోయింది" అని మాత్రం అంది.

మళ్లీ నేయాలంటే నెల పడుతుంది. అమ్మాయి కాసేపు కారు చుట్టూ తిరిగి, వెనక ఆ జానెడు మేరకు మందమైన పారదర్శకపు షీటు పెట్టి కుట్టించింది. పాత టాపుకు వెనక చిన్న కిటికీ ఉండేది. ఇప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కిటికీయే. లోపల కూర్చుంటే వెలుతురు నీలం గుడ్డ కింద పరుచుకుంటుంది. తప్పును సరిచేసినట్టు లేదు, మొదటి నుంచీ అట్లాగే చేయాలనుకున్నట్టు ఉంది. అది చూసి నా భార్య కొంగు వదిలేసింది.

ఎమ్మిగనూరుకు కారును నేనే నడిపి తెచ్చానని, వంద స్పీడు దాటించానని కూడా చెప్పాను. నడిపింది అమ్మాయి. యాభై దాటలేదు. నేను పక్కన తలుపు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. రెండే సీట్లు కాబట్టి నా భార్య బస్సెక్కింది. దారిలో ఆ బస్సు మమ్మల్ని దాటిపోయింది. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది కూడా.

కారు ఊర్లో తిరిగింది. జనం చూశారు. అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను, ఇందులో తగ్గింపూ లేదు, పెంపూ లేదు. కార్లు రావడం మొదలైంది, కానీ వచ్చినవాళ్లు నన్ను అడిగారు. మొదటాయన "పెద్దాయన లేడామ్మా? ఉన్నప్పుడొస్తాలే" అని పోయాడు. రెండో ఆయనా అంతే. సాయంత్రం నా కూతురు చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"వచ్చినోళ్లంతా నిన్నే అడుగుతాండారు నాయనా."

నిందించలేదు. ఉన్నమాట చెప్పింది. టీకొట్లో నేను రోజుకింత పెంచి చెప్పిన మాటలు ఆమె షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాయని నాకు తెలుసు. తెలిసి కూడా ఇంకో వారం ఊరుకున్నాను. జనం నన్ను చూసి నమస్కారం పెడుతుంటే బాగుండింది.

తర్వాత కౌతాళం నుంచి ఒక రైతు జీపేసుకుని వచ్చాడు. నేను షెడ్డులోనే ఉన్నాను. టీకొట్టు ఎదురుగానే కాబట్టి అక్కడివాళ్లు ఇటే చూస్తున్నారు.

"పెద్దాయనా, నీ చేతిపని చూసినాం. వెనక అద్దం పెట్టినావే, ఎంత సోకుగుండాది! నా జీపుకు అట్లాంటిదే కావాల. ఇంజను కూడా నువ్వే ముట్టాల, ఇంకెవరికీ ఇయ్యద్దు."

నా కూతురు తల ఎత్తలేదు. గుడ్డతో స్పానరు తుడుస్తూ ఉంది. తుడిచిందే తుడుస్తోంది. నేను రైతు వైపు తిరిగాను.

"అన్నా, ఆ కారుకు నేను చేసిన పని ఒక్కటే. కొలత తప్పు తీసినాను. అద్దం పెట్టింది, ఇంజను కట్టింది, దాన్ని ఆదోని నుంచి తోలుకొచ్చింది, అంతా ఈ పాప. గుడ్డ నేసింది మా ఇంటామె."

"మల్ల టీకొట్లో అట్ల సెప్పినావంట?"

"అబద్ధం సెప్పినానప్పా."

టీకొట్లో నవ్వు లేచింది. "పెద్దాయన టైరు పంచరైందిరా!" అని ఎవరో అరిచారు. నేను అటు తిరగలేదు.

రైతు ఆమెను కింది నుంచి పైకి చూశాడు. "అట్లయితే సెప్పక్కా, ఇది పొగ పోస్తాది, గుంజదు. ఏమైంది దీనికి?"

ఆమె జీపు స్టార్టు చేయించింది. బానెట్ ఎత్తి, ఇంజను తిరుగుతుండగానే డీజిలు గొట్టాల నట్లు ఒక్కొక్కటీ కొంచెం వదులు చేసి బిగిస్తూ పోయింది. మొదటిది వదిలితే ఇంజను కుంటింది. రెండోదానికీ కుంటింది. మూడోదానికి చప్పుడేం మారలేదు.

"ఈడనే. డీజిలు చిమ్మే ఈ ఇంజెక్టరు పని చేస్తల్యా. మూడు దినాలు పడతాది. టాపుకు ఇంకో వారం."

రేపే ఇచ్చేస్తామని నా నోటి దాకా వచ్చింది. మింగేశాను.

రైతు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నంబరు అడిగి, ఫోను తీసి, ఒక్క వేలితో నిదానంగా రాసుకోసాగాడు. నేను కళ్లద్దాలు సవరించుకుని ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. "కారు మెకానిక్ అక్క, ఎమ్మిగనూరు" అని అక్షరం తర్వాత అక్షరం పడుతోంది. ఆయన పూర్తి చేసేదాకా అక్కడే నిలబడ్డాను.