హెస్లీ ఊరి ఊదారంగు బ్యాండు

ఐవీ హెపుల్‌కి బ్యాండు పిచ్చి నలభై ఆరో ఏట పట్టుకుందని హెస్లీలో అందరూ అనుకునేవారు. 1970 వేసవి అది. అప్పటిదాకా ఆవిడ బొగ్గు గని క్యాంటీన్‌లో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకి టీ పోసేది, ఇంటికొచ్చి మొగుడు విల్ఫ్‌కి వండిపెట్టేది, మిగతా పొద్దు గుమ్మంలో నిలబడి వీధి మొత్తాన్ని అదుపులో పెట్టేది. ఆవిడ గొంతు విప్పితే వెనక సందులో ఆరేసిన బట్టలు కూడా సర్దుకుని వేలాడతాయని విల్ఫ్ అనేవాడు.

రెండిళ్ళ అవతల ఉండే గ్లెనిస్ స్టాబ్స్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక శనివారం ఐవీ స్టాబ్స్ వాళ్ళ వంటింటి తలుపు తోసుకుని లోపలికొచ్చి, గ్లెనిస్‌ని పైనుంచి కిందిదాకా చూసి, వాళ్ళమ్మ మేవిస్‌ని అడిగింది.

"ఏమే మేవిస్, మీ పిల్ల ఖాళీగా ఉందా?"

"ఖాళీగా ఉండడమే దాని పని. ఎందుకూ?"

"బ్యాండు పెడుతున్నా. ఆడపిల్లలది. కజూలతో."

కజూ అంటే బెత్తెడు రేకు గొట్టం. ఊరికే ఊదితే పలకదు. నోట పెట్టుకుని పాట కూనిరాగం తియ్యాలి. అప్పుడది తేనెపట్టు కదిలించినట్టు జుమ్మంటుంది. ఆ రోజుల్లో డరమ్ జిల్లా గని ఊళ్ళలో ఏ వీధిలో చూసినా ఇలాంటి పిల్లల బ్యాండొకటి తయారవుతూ ఉండేది. హెస్లీలో మాత్రం అప్పటికి లేదు. హెస్లీకి ఉన్నది అసలు సిసలు ఇత్తడి బ్యాండు. గనివాళ్ళది, మగవాళ్ళది, డెబ్భై ఏళ్ళనాటిది. దాని ముందు రేకు గొట్టాలు పట్టుకుని నిలబడాలంటే మొహమాటం ఉండకూడదు. ఐవీకి ఏనాడూ లేదు.

వారం తిరిగేసరికి ఇరవై ఎనిమిదిమంది పిల్లలు పోగయ్యారు. పేరు 'హెస్లీ వయొలెట్స్', అంటే ఊదాపూలు. సాయంత్రాలు ఫుట్‌బాల్ మైదానంలో సాధన. కజూ ఎవరైనా వాయిస్తారు. అడుగు కలిపి నడవడమే రాదు. గ్లెనిస్‌కి అసలు రాదు. ఎడమా కుడీ రెండూ ఒక్కలాగే కనిపించేవి దానికి. నాలుగు రోజులు చూసి, ఐవీ తన అల్లిక సంచిలోంచి ఆకుపచ్చ ఊలుముక్క తీసి దాని ఎడమ బూటుకి కట్టింది.

"ఇది ఊలుకాలు. అది ఉత్తకాలు. ఇప్పుడు నడు. ఊలుకాలు! ఉత్తకాలు! ఊలుకాలు! ఉత్తకాలు!"

మర్నాటికి సగంమంది పిల్లలు తమకీ ఊలు కావాలని పేచీ పెట్టారు. ఆపైన హెస్లీలో లెఫ్ట్, రైట్ అన్న మాటలే వినిపించలేదు. ఐవీ అరుస్తుంటే బొగ్గుగుట్ట మీద బొగ్గు ఏరుకునేవాళ్ళు కూడా అడుగు కలిపేవారని ఊళ్ళో చెప్పుకునేవారు.

మైదానం పక్కనే ఇత్తడి బ్యాండు గది. దాని నాయకుడు సెప్టిమస్ రెయిన్. ఊరికి సెప్. సన్నగా, నిటారుగా, నవ్వితే మీసం చెదురుతుందేమో అన్నట్టుండే మనిషి. రెండో వారం ఆయన కిటికీ తెరిచి కేకేశాడు.

"ఐవీ! ఆ ఈగల మోతని కాస్త అవతలికి తోలుకుపో. మావాళ్ళకి శ్రుతి తప్పుతోంది."

"దానికి మా పిల్లలెందుకు సెప్, నువ్వున్నావుగా!"

లోపల ఎవరో పెద్ద బాకా ఊదుతున్నవాడు నవ్వాపుకోలేక పొలమారడం బయటికి వినిపించింది. కిటికీ మూసుకుంది.

ఆగస్టులో పక్కనున్న సముద్రతీరపు ఊరు షెల్‌విక్‌లో కార్నివాల్. పిల్లల బ్యాండ్లకి పోటీ. బట్టలు కావాలి కదా. ఐవీ ఇంటింటికీ తిరిగి పాత తెల్ల దుప్పట్లు పట్టుకొచ్చింది. ఇద్దరు ముగ్గురు తల్లులు కూచుని పావడాలూ పొట్టి కోట్లూ కుట్టారు. మందుల కొట్లో ఊదారంగు పొట్లాలు కొని, బట్టలు ఉడకేసే గంగాళంలో వేసి, కర్ర పెట్టి తిప్పింది ఐవీ. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలని పొట్లం మీద రాసుంది. ఆ వారమంతా ఎండ మొహం చూడలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి మూడుసార్లు జాడించినా నీళ్ళు ద్రాక్షరసంలాగే వస్తున్నాయి.

"ఇంకోసారి జాడిద్దామా?" అంది మేవిస్.

"ఇంకోసారి జాడిస్తే రేపటికి ఆరవు. పిల్లలేమన్నా వాటిని తాగుతారా ఏమిటి? పిండేసి ఆరెయ్యి."

శనివారం పొద్దున బస్సు దిగేసరికి షెల్‌విక్‌లో ఎండ కాస్తోంది. పదకొండు బ్యాండ్లు. వయొలెట్స్‌ది తొమ్మిదో వంతు. అందరికన్నా ముందు ఆరేళ్ళ జూలీ, చేతిలో తళతళలాడే కర్ర. దాని పక్కన ఐవీ, తనూ అదే ఊదా కోటూ టోపీతో. గ్లెనిస్ చివరి వరసలో. ఊరేగింపు సముద్రపు గట్టెక్కి నూరు అడుగులు వేసిందో లేదో, చుక్క కూడా ముందు చెప్పకుండా వాన కుండపోతగా దిగింది.

జనం ఎక్కడివాళ్ళక్కడ చూరుల కిందికి పరిగెత్తారు. ఊరేగింపు ముందు వాయించడానికొచ్చిన హెస్లీ ఇత్తడి బ్యాండు కూడా చేపల కొట్టు పందిరి కింద దూరింది. వయొలెట్స్ మాత్రం నడుస్తూనే ఉన్నారు.

ముందుగా మేజోళ్ళు పోయాయి. తెల్లటివి కాస్తా ఊదాచారలయ్యాయి. తరవాత మోకాళ్ళు. గ్లెనిస్ ముందు నడుస్తున్న పిల్ల మెడ మీంచి ఊదారంగు కాలవ కట్టి కారుతోంది. వాళ్ళ వెనక రోడ్డు పొడుగునా ఊదా బాట పడింది.

"ఆంటీ!" జూలీ కర్ర వదలకుండానే గుక్కపట్టింది. "ఆంటీ, నేను కారిపోతున్నా!"

"కారితే కారనీ తల్లీ, నడువు! ఊలుకాలు! ఉత్తకాలు!"

అలా అరుస్తున్న ఐవీ మొహం కూడా టోపీలోంచి దిగిన రంగుతో నేరేడుపండులా ఉంది. చూరుల కింద మొదట నవ్వులు. "ఒసే, రంగు సీసా ఒలికిందే!" అని ఎవరో. ఆ నవ్వు ఎక్కడ చప్పట్లలోకి తిరిగిందో గ్లెనిస్‌కి తెలియలేదు. గట్టు చివరికి వచ్చేసరికి మాత్రం జనం వానలోకి వచ్చేసి మరీ చప్పట్లు కొడుతున్నారు. కజూల్లోకి నీళ్ళెక్కి జుమ్మనడం మానేసి బుడబుడమంటున్నాయి. అయినా ఎవరూ ఆపలేదు.

పోటీలో పదకొండో స్థానం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు సీట్ల మీద పాత పేపర్లు పరిస్తేగానీ ఎక్కనివ్వలేదు. గ్లెనిస్ కిటికీ వైపు తిరిగి ముక్కు ఎగబీలుస్తోంది. ఐవీ లేచి నిలబడింది.

"వినండమ్మాయిలూ. ఎవరికైనా ఏడుపొస్తే రైలు వంతెన దాటేలోపు కానిచ్చెయ్యండి. అది దాటాక చిప్స్ కొట్టు దగ్గర ఆగుతున్నాం. ఏడుస్తూ తింటే వెనిగర్ రుచి తెలీదు."

వంతెనకి ఇంకా అరమైలు ఉండగానే ఏడుపులు అయిపోయాయి. వెనిగర్ చల్లిన బంగాళాదుంప ముక్కల పొట్లాలు విప్పుకుని వేడివేడిగా తింటున్నప్పుడు మేవిస్ గొంతు తగ్గించి అడగడం గ్లెనిస్ విన్నది.

"వాన మొదలవగానే ఆపెయ్యాల్సింది కదే ఐవీ?"

"ఆపుదామనే అనుకున్నానే! వెనక్కి తిరిగి ఆగండర్రా అని మూడుసార్లు అరిచా. ఆ కజూల మోతలో ఒక్కత్తెకి వినబడితేగా! నన్ను నెట్టుకుంటూ వచ్చేస్తున్నారు. నేను ఆగితే తొక్కేసేవాళ్ళు. ఇక నడవండనే అరిచా."

మేవిస్‌కి చిప్స్ గొంతుకడ్డం పడ్డాయి.

ఆ రంగు వారంపాటు వదల్లేదు. సోమవారం వీధుల్లో ఊదాకాళ్ళవాళ్ళెవరో ఉత్తకాళ్ళవాళ్ళెవరో చూడగానే తెలిసిపోయింది. బ్యాండులో లేనివాళ్ళు కొందరు మందుల కొట్టుకి పరిగెత్తారు, రంగు పొట్లాల కోసం.

ఆ పై ఆదివారం గ్లెనిస్ ఐవీ పెరట్లో పావడాలు మళ్ళీ జాడించడానికి సాయం చేస్తోంది. ఈసారి నీళ్ళు తేటపడేదాకా. పెరటి తలుపు కొట్టి సెప్ రెయిన్ లోపలికొచ్చాడు. చర్చి కోటు తొడుక్కున్నాడు. చంకలో నల్లటి చిన్న పెట్టె.

"ఇది మీ నాన్నది ఐవీ. ఆయన పోయాక బ్యాండు గది అలమరలోనే పడి ఉంది. నీకెప్పుడో ఇచ్చి ఉండాల్సింది."

పెట్టెలో కార్నెట్. చేతిలో ఇమిడేంత ఇత్తడి బాకా. ఐవీ చేతులు గౌనుకి తుడుచుకుని దాన్ని తీసుకుంది. దాని మూడు మీటలూ ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"మొన్న మేం పందిరి కిందికి పోయాం," అన్నాడు సెప్. "నువ్వూ ఆ పిల్లలూ మా ముందు నుంచే వెళ్ళారు."

"చూశాను."

వెనక్కి తిరిగి అరిచిన సంగతి ఐవీ ఆయనకి చెప్పలేదు. గ్లెనిస్ అది గమనించింది, తనూ నోరు మెదపలేదు.

"పదేళ్ళప్పుడు నువ్వు బ్యాండు గదికొచ్చి నన్నూ చేర్చుకోండని అడిగావు. గుర్తుందా?"

"ఎందుకుండదు! ఉతికిన గౌను వేసుకుని మరీ వచ్చా. ఆడపిల్లలకి ఊపిరి చాలదన్నారు."

"నేను అప్పుడే కొత్తగా చేరాను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను."

ఐవీ కార్నెట్ పెదాలకి ఆనించుకుని ఊదింది. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ గాలే. ఆవిడ మొహం ఒక్క క్షణం ఎలాగో అయింది. అంతలోనే నవ్వేసింది.

"పెదాలు అయిపోయాయి సెప్. ఇవిక బిస్కట్టు టీలో ముంచుకు తినడానికే. ఏయ్ గ్లెనిస్, ఇలా రా. నువ్వు ఊదు."

గ్లెనిస్ తడిచేతులతోనే అందుకుని, బుగ్గలు పొంగించి ఊదింది. పెరట్లో ఆవు ఈనుతున్నట్టు ఒక మోత లేచింది. పక్కింటి కుక్క అందుకుంది. సెప్ కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచాడు.

"ఘోరం," అన్నాడు. మళ్ళీ తనే, "కానీ ఊపిరుంది," అన్నాడు.

"ఉంటే మీ గదిలోకి రానిస్తారా?"

"కమిటీని అడగాలి ఐవీ."

"అయితే అడుగు."

కమిటీ ఆలోచించడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ సెప్ ఆదివారాలు ఐవీ వంటింట్లో గ్లెనిస్‌కి పాఠం చెప్పాడు. విల్ఫ్ ఆ సమయానికి పావురాల గూటికి పారిపోయేవాడు. 1972 శరత్కాలంలో, పదకొండేళ్ళ గ్లెనిస్ ఇత్తడి బ్యాండు గది గుమ్మం ఎక్కింది. ఆ బ్యాండులో మొదటి ఆడపిల్ల. ఐవీ గుమ్మం దాకా వచ్చి జడ సర్దింది.

"నువ్వూ రా ఆంటీ."

"నేనెందుకే? అవతల మైదానంలో నా ముఠా ఎదురుచూస్తోంది. పో."

గుమ్మం మెట్లు దిగి ఐవీ అలాగే వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మైదానంలోంచి ఆవిడ అరుపులు మామూలుకన్నా గట్టిగా వినిపించాయి. సెప్ కిటికీ వెయ్యలేదు.

ఆ తరవాత పదమూడేళ్ళు నడిచింది వయొలెట్స్. 1984లో గని కార్మికుల సమ్మెలో ఐవీ కజూలు అటకెక్కించి, చర్చి హాల్లో సమ్మెవాళ్ళ పిల్లలందరికీ వండి పెట్టింది. మరుసటేడు గని మూతపడింది. కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి, బ్యాండుకి పిల్లలు మిగల్లేదు. ఐవీ ఒకనాడు మైదానానికి వెళ్ళి, వచ్చిన నలుగురికీ జున్ను రొట్టెలు పెట్టి, ఇక చాలమ్మా అని ఇంటికి పంపేసింది. దాని గురించి తరవాతెప్పుడూ బాధపడుతూ మాట్లాడలేదు. విల్ఫ్ పోయినప్పుడు మాత్రం కొన్నాళ్ళు గుమ్మంలో నిలబడలేదు.

గ్లెనిస్ సండర్లండ్‌లో స్థిరపడి బళ్ళలో పిల్లలకి వాయిద్యాలు నేర్పింది, బ్యాండ్లలో వాయించింది. ఆమె కచేరీ ఏ ఊళ్ళో ఉన్నా ఐవీ బస్సులు మారి మరీ వచ్చేది. ముందు వరసలో మధ్య కుర్చీ పట్టుకునేది. రెండో పాటకల్లా తల వాల్చేసి గురక పెట్టేది. ఒకసారి గ్లెనిస్ ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంత దూరం వచ్చి నిద్రపోతావేం ఆంటీ?"

"నిద్రా? కళ్ళు మూసుకుని విన్నానే పిచ్చిదానా. కళ్ళు తెరిస్తే మీ డ్రమ్ములవాడి టై కనిపిస్తుంది. దరిద్రంగా ఉంది."

"మరి గురకో?"

"అది నా పక్కావిడ."

ఆ పక్క కుర్చీలో ఆ రోజు ఐవీ కోటు తప్ప ఎవరూ లేరు.

ఐవీ 2009లో, ఎనభై అయిదో ఏట పోయింది. గ్లెనిస్ ఇంకా వాయిస్తూనే ఉంది. ముందు వరసల్లో ఎవరో ఒకరు కునికిపాట్లు పడుతుంటారు. తోటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు గానీ, గ్లెనిస్ మాత్రం వాళ్ళ నిద్ర చెడకుండా, నెమ్మదిగా ఉండాల్సిన చోట మరింత నెమ్మదిగా వాయిస్తుంది.